యల్లాప్రగడ సుబ్బారావు

కృష్ణా గోదావరీ నదుల నడుమ కొల్లేరు సరస్సు విస్తరించియున్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీరు ఇందు చేరి, ఉప్పుటేరు మార్గమున సముద్రమును కలియుచుండును. 1852లో ధవళేశ్వరము కడ గోదావరికి ఆనకట్ట పూర్తియైన పిదప, ఈ సరస్సునకు తూర్పుననున్న నేలలు కాలువలతో నిండి వరిపంటకు పుట్టినిల్లైనవి. కాటకముల మాట మరపునకు వచ్చినది. కాని నీరు సమృద్ధిగా నున్నచోట దోమయు సమృద్ధిగా నుండును. మురుగు నిలిచిన పల్లెలలో చలిజ్వరము, విరేచనములు, బోదకాలు జనులను పీడించుచుండెను. గాదెలయందు ధాన్యముండియు, దేహమునందు బలము లేనివారు ఆ సీమలో అనేకులుండిరి.

అట్టి సీమలో, కొల్లేటికి అనతిదూరమున నున్న భీమవరమునందు, 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. భీమవరము అప్పుడు గోదావరి జిల్లాలోనిది. నేడది పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. సుబ్బారావు తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. వారి ఏడుగురు బిడ్డలలో ఇతడు నాల్గవవాడు. తండ్రి రెవిన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యము వలన ఆయన ముందుగానే ఉద్యోగమును విడువవలసి వచ్చెను. రాబడి తగ్గెను, ఇంట తినువారి సంఖ్య మాత్రము తగ్గలేదు.

సుబ్బారావునకు బాల్యమున చదువుపై శ్రద్ధ తక్కువ. ధనము సంపాదించి ఇల్లు నిలుపవలెనను కోరిక ఎక్కువ. పదుమూడేండ్ల ప్రాయమున అతడు బంధువుల పిల్లవానితో కలిసి ఎవరికిని చెప్పక కాశీకి పయనమయ్యెను. అచ్చటి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని అతని సంకల్పము. ఎక్కువ దూరము పోకముందే పెద్దలు అతనిని పట్టి ఇంటికి తెచ్చిరి. తల్లి వెంకమ్మ పట్టుదల గలది. కొడుకు చదువుకొని తీరవలెనని ఆమె నిశ్చయించెను. 1913లో తండ్రి మరణించెను. అంతటితో ఇంటి భారమంతయు ఆమెపై బడినను ఆమె నిశ్చయము సడలలేదు. ఉన్న నగలమ్మి అతని చదువునకు ధనము సమకూర్చెను. సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసునందలి హిందూ ఉన్నత పాఠశాలనుండి కృతార్థుడయ్యెను. తరువాతి కాలమున ప్రపంచ శాస్త్రజ్ఞులు గౌరవించిన మేధావి పాఠశాల పరీక్షను మూడవ యత్నమున గాని దాటలేకపోయెననుట గమనింపదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో ఆయన మనస్సు వైరాగ్యము వైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపవలెనని ఆయన కోరెను. తల్లి అందుకు సమ్మతింపలేదు. తల్లి అనుమతి లేనిదే మఠమువారు చేర్చుకొనరు. కాషాయము ధరించుటకు వీలులేకపోయినను, రోగులకు సేవచేయుట కూడ భగవత్సేవయే యను భావముతో ఆయన మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను. మిత్రులును, పిమ్మట మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. 1919లో ఆయనకు శేషగిరితో వివాహమయ్యెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగిన దినములు. విదేశవస్త్రములను విడువవలెనని ఆయన చెప్పగా, సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ ధరించి పోయెను. ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. పరీక్షలలో సుబ్బారావు బాగుగా వ్రాసినను, ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. దానితో ప్రభుత్వ వైద్యశాఖలో మంచి ఉద్యోగము దొరకు ఆశ సన్నగిల్లెను. ఆయన మదరాసునందలి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడయ్యెను.

ఆ కాలముననే ఆయన జీవితమును మలుపుత్రిప్పిన విపత్తు సంభవించెను. అన్న పురుషోత్తమును, తమ్ముడు కృష్ణమూర్తియు కొలది దినముల వ్యవధిలో ఒకరి వెంట నొకరు మరణించిరి. ఇరువురను కబళించిన వ్యాధి ఒక్కటియే. దానిని పాశ్చాత్య వైద్యులు స్ప్రూ యందురు; మనవారు సంగ్రహణి యని వ్యవహరింతురు. ఈ వ్యాధి సోకినవానికి తిన్న అన్నము ఒంటబట్టదు. నోరు పూయును, విరేచనములు ఆగవు, రక్తము క్షీణించి దేహము పాలిపోవును. భోజనము ముందున్నను మనుష్యుడు ఆకలితో చచ్చినవానివలె కృశించి మరణించును. సుబ్బారావు వైద్యశాస్త్రమును చదివినవాడు. శవపరీక్షలు చేసినవాడు. అయినను తోబుట్టువుల కొరకు ఆయన చేయగలిగినది ఏమియు లేకపోయెను. ఆ వ్యాధికి అప్పటికి మందు లేదు, కారణము కూడ తెలియదు.

కొంతకాలమునకు ఆ వ్యాధియే సుబ్బారావునకును సోకెను. ఆయుర్వేద కళాశాల పెద్దయగు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన ఆయన బ్రదికెను. బ్రదికినవాని మనస్సున ఒక ప్రశ్న నాటుకొనెను. తన్ను కాపాడిన ఔషధములో పనిచేసినదేది? సోదరులకు ఏ పదార్థము లోపించెను? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న రసాయనశాస్త్రము తెలియవలెను. మంచి పరిశోధనశాల కావలెను. అవి అప్పుడు స్వదేశమున ఆయనకు అందుబాటులో లేవు. అమెరికాకు పోవలెనని ఆయన సంకల్పించెను.

పోవుటకు ధనమేది? కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు సహాయము చేయుదుమని వాగ్దానము చేసిరి. మామగారు మిగిలిన సొమ్మును సమకూర్చిరి. కొన్ని సంవత్సరములలో తిరిగివత్తునని భార్యకు మాటయిచ్చి సుబ్బారావు ఓడనెక్కెను. పిదప ఆ దంపతులకు కలిగిన కుమారుడు పసితనముననే మరణించెను. ఆ బిడ్డను తండ్రి కన్నులార చూడలేదు.

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో ఆయన చేరెను. చేర్చుకొనిరేగాని విద్యార్థివేతన మీయలేదు. చేతిసొమ్ము అతి స్వల్పము. పొట్టగడుచుటకై ఆయన పీటర్ బెంట్ బ్రిగం ఆసుపత్రిలో రాత్రివేళ పనికి కుదిరెను. రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రము చేయుట ఆ పనిలో ముఖ్యభాగము. మదరాసులో వైద్యపట్టమందినవాడు, కళాశాలలో పాఠములు చెప్పినవాడు, ఈ పనికి సిగ్గుపడలేదు. రాత్రి ఆసుపత్రి, పగలు విద్య. ఈ విధముగా ఆయన ఉష్ణమండల వైద్యమున పట్టమునంది, అనంతరము జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునియొద్ద పరిశోధనకు పూనుకొనెను.

అచ్చట మొదటి కార్యము రక్తమూత్రాదులయందు భాస్వరమెంత యున్నదో కొలుచు సులభమార్గమును కనుగొనుట. ఎముకల వ్యాధులను, మూత్రపిండముల వ్యాధులను గుర్తించుటకు ఈ కొలత అవసరము. పూర్వపు పద్ధతులు కష్టసాధ్యములు. ఫిస్కే సుబ్బారావులు కొన్ని రసాయనములను కలిపి, భాస్వరమున్న ద్రవము నీలవర్ణము పొందునట్లు చేసిరి. నీలిమ ఎంత చిక్కగా నుండునో భాస్వరము అంత ఎక్కువగా నున్నదని తెలియును. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతికి వారిద్దరి పేర్లే నిలిచినవి. లోకమందలి ప్రయోగశాలలలో తరతరముల విద్యార్థులు దీనిని నేర్చిరి.

ఈ కొలతబద్ద చేతికి వచ్చిన పిమ్మట వారు కండరముల వైపు చూచిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి. అను పదార్థమును కండరములయందు కనుగొనిరి. ఏ.టి.పి.ని అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు వేరుగా కనుగొనెను. ఇల్లాలు నాటి వంటకు తీసియుంచుకొన్న బియ్యము వంటిది ఏ.టి.పి.; ఆ బియ్యము తరిగినపుడెల్ల వెంటనే నింపుటకు ఉపయోగపడు గాదె వంటిది ఫాస్ఫోక్రియాటిన్. చేయి కదల్చుటకును, గుండె కొట్టుకొనుటకును వలయు శక్తి వీనినుండి లభించుచున్నది. కండరముల శక్తినిగూర్చి అంతకుముందు నోబెల్ బహుమతులందిన సిద్ధాంతమునే ఈ పరిశోధనల వలన సవరింపవలసి వచ్చెను. 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావునకు డాక్టరు పట్టము నొసగెను. కాని అచ్చట ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి మాత్రము దొరకలేదు.

ఈ విజయములు గొప్పవియే. అయినను ఆయన స్వదేశమును విడిచి వచ్చినది వీనికొరకు కాదు. సోదరుల పాలిపోయిన ముఖములు ఆయనను విడువలేదు. ఆ దినములలోనే బోస్టను వైద్యులగు మైనట్, మర్ఫీ యనువారు, ప్రాణాంతకమైన ఒక విధమగు పాండురోగము పశువుల కాలేయము తినిపించినచో నయమగునని 1926లో కనుగొనిరి. కాలేయములో ఏదో ఒక పదార్థము రక్తమును పుట్టించుచున్నదన్నమాట. అదేమో ఎవరికిని తెలియదు. సుబ్బారావు దానిని వేరుపరచుటకు పూనుకొనెను.

మన దేశమునుండియు ఈ విషయమున ఒక ఆధారము లభించెను. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీలకు వచ్చు రక్తహీనతను పరిశీలించెను. ఆ స్త్రీల ఆహారము మిక్కిలి పేదది. సురామండమునుండి తీసిన చవుకైన సారమును తినిపింపగా వారి రక్తము వృద్ధిచెందెనని ఆమె 1931లో ప్రకటించెను. పదేండ్ల పిమ్మట అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టి పదార్థమును రవంత తీయగలిగిరి. లాటిను భాషలో ఆకునకుగల పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. కాని టన్నులకొలది ఆకునుండి చిటికెడు లభించు వస్తువు రోగులకు ఔషధమెట్లగును? దానిని కృత్రిమముగా తయారుచేయవలెను.

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివరు అను గ్రామముననున్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరెను. 1942లో అచ్చటి పరిశోధనలన్నిటికి అధిపతి యయ్యెను. రసాయనజ్ఞులను, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులను, వైద్యులను ఆయన ఒక్క గూటికి చేర్చి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క వ్యాధిని అప్పగించి, తాను అందరి నడుమ తిరుగుచు పనిచేయించెను.

ఫోలిక్ ఆమ్లము రక్తమున కెట్లు తోడ్పడునో తెలిసికొనుట కష్టము కాదు. రక్తమందలి ఎర్రకణములు ఎముకల మూలుగలో పుట్టును. అచ్చట ఒక కణము రెండుగా, రెండు నాలుగుగా చీలుచు దినదినము కోట్లకొలది క్రొత్త కణములు తయారగుచుండును. కణము చీలవలెనన్న ఫోలిక్ ఆమ్లము కావలెను. అది లోపించినపుడు కణములు పెరుగునేగాని చీలలేవు. అపక్వమైన పెద్ద కణములు కొలదిగా మాత్రమే రక్తములో చేరును. అంతట మనుష్యుడు పాలిపోవును. సంగ్రహణిలో జరుగునది ఇదియే. ప్రేగు చెడుటచే అన్నములోని ఫోలిక్ ఆమ్లము దేహమునకు ఎక్కదు.

1945లో లెడర్లీ శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును పరిశోధనశాలలో తయారుచేసితిమని ప్రకటించిరి. ఆ ప్రకటనపై పదునారుగురి పేర్లున్నవి. పరిశోధనాధిపతియగు సుబ్బారావు పేరు మొదటను లేదు, చివరను లేదు. నడుమ ఏడవదిగా నున్నది. వెంటనే ఆ ఔషధమును సంగ్రహణి రోగుల కిచ్చి చూచిరి. క్యూబా, పోర్టోరికో దీవులలో మంచము పట్టిన రోగులు కొలది దినములలో ఆకలియని అన్నమడిగిరి. వారి రక్తము ఎర్రబారెను. అన్నదమ్ములు కన్నుమూసిన ఇరువదేండ్లకు పైబడిన పిదప సుబ్బారావు వారి వ్యాధికి మందు కనిపెట్టెను. అది వారిని తిరిగి తేలేదు. కాని అట్టి తోబుట్టువులు గల ఇండ్లు లోకమున అసంఖ్యాకములు.

కాలేయములో దాగిన పదార్థము ఇది యొక్కటియే కాదు. మైనట్, మర్ఫీలు నయము చేసిన పాండురోగమునకు అసలైన మందు బి-12 అను వేరొక విటమిను. దానిని 1948లో ఇతర శాస్త్రజ్ఞులు వేరుపరచిరి. ఆ వ్యాధిలో నరములకు కలుగు హానిని ఫోలిక్ ఆమ్లము మాన్పజాలదని కూడ అనుభవమున తేలెను. ఒక పరిశోధకుడు విడిచిన చోట మరియొకడు అందుకొనుటయే శాస్త్రమార్గము.

ఫోలిక్ ఆమ్లము కథ అంతటితో ముగియలేదు. బోస్టనులోని బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను రోగనిదాన శాస్త్రజ్ఞుడు ఉండెను. మరణించిన బిడ్డల అవయవములను సూక్ష్మదర్శినిలో పరీక్షించి మరణకారణమును చెప్పుట ఆయన పని. రక్తపు క్యాన్సరుతో వచ్చిన ప్రతి బిడ్డయు కొలది వారములలోనో నెలలలోనో ఆయన బల్లపైకి చేరుచుండెను. ఈ వ్యాధిలో రక్తమందలి తెల్లకణములు అదుపులేక చీలి పెరుగును. కణము చీలుటకు ఫోలిక్ ఆమ్లము అవసరమైనచో, దానివలె కనబడుచు దాని పనిని చేయక అడ్డగించు పదార్థము నిచ్చిన కణముల విజృంభణ ఆగదా యని ఫార్బరు తలచెను. తాళపుచెవిని బోలిన మరియొక చెవి తాళమున దూరి, తిరుగక చిక్కుకొనునట్లు. అట్టి పదార్థములను సుబ్బారావు జట్టువారు తయారుచేసి ఆయనకు పంపిరి. వానిలో అమినోప్టెరిన్ అనునది ముఖ్యమైనది.

1948లో ఫార్బరు తన ఫలితములను ప్రకటించెను. మిక్కిలి జబ్బుతోనున్న 16 మంది బిడ్డలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టెను. ఆ మేలు తాత్కాలికమే. కొన్ని నెలలకు వ్యాధి తిరుగబెట్టెను. అయినను రక్తపు క్యాన్సరును మందుతో వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు తెలిసినది అప్పుడే. ఆ మందునకు తోబుట్టువగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. ఇతర ఔషధములతో కలిపి దీనిని వాడుటవలన, మంచి చికిత్స దొరకిన చోట్ల, బిడ్డలకు ఎక్కువగా వచ్చు రక్తపు క్యాన్సరు నేడు పదింట ఎనిమిది తొమ్మిదిమందికి నయమగుచున్నది.

సుబ్బారావు పుట్టిన సీమను పీడించిన బోదకాలు సంగతియు ఆయన మరువలేదు. ఈ వ్యాధికి కారణము దారమువంటి సన్నని పురుగు. అది దేహమందలి రసనాళములలో నివసించి వానిని మూసివేయును. నీరు దిగక కాలు వాచి, చర్మము మొద్దుబారి, ఏనుగు కాలువలె నగును. తల్లిపురుగు కనిన సూక్ష్మమైన పిల్లలు రాత్రివేళ రక్తములో సంచరించును. అందువలననే ఈ వ్యాధికి రక్తపరీక్షను రాత్రిపూట చేయుట ఆచారమైనది. దోమ రోగిని కుట్టి ఆ పిల్లలను పీల్చుకొని, తన దేహములో పెంచి, మరియొకనికి అంటించును. రెండవ ప్రపంచ యుద్ధమున పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకుటచే దానిపై శ్రద్ధ పెరిగెను. అంతవరకు వాడిన మందులు సూదితో ఎక్కింపవలసిన విషతుల్యములైన లోహపు లవణములు.

సుబ్బారావు జట్టువారు, ఇట్టి పురుగులే గల ఒక జాతి ఎలుకలపై వందలకొలది పదార్థములను పరీక్షించి, 1947లో హెట్రజాన్ అను మందును ప్రకటించిరి. డై ఇథైల్ కార్బమజీన్ అనునది దాని రసాయన నామము. నోట వేసికొను చిన్న మాత్ర అది. చవుకైనది, సూది అక్కరలేదు. మొద్దుబారిన కాలును అది మరల సన్నగా చేయజాలదు. కాని రక్తములోని పురుగుపిల్లలను నశింపజేసి, దోమ ద్వారా వ్యాధి ఇంకొకరికి పోకుండ అడ్డగించును. ఒక ఊరివారందరు ఈ మాత్రను ఏటేట మ్రింగుచున్నచో ఆ ఊరి దోమల ద్వారా బోదకాలు వ్యాపించుట క్రమముగా తగ్గును.

అదే పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు ఉండెను. ఆయన డెబ్బదియేండ్లు దాటి విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి పొందినవాడు. అట్టి వయస్సువానిని పనికి చేర్చుకొనుటకు ఇతరులు వెనుదీయుదురు, సుబ్బారావు ప్రోత్సహించెను. డగ్గరు నానాప్రదేశముల మట్టిని తెప్పించి, అందలి సూక్ష్మజీవులలో రోగక్రిములను చంపునది ఏదియో వెదకెను. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టియందు బంగారువన్నె గల ఒక జీవి దొరకెను. దానినుండి తీసిన ఆరియోమైసిన్ అను మందు 1948 జూలైలో లోకమునకు వెల్లడి చేయబడెను. పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ అను మందులకు లొంగని కొన్ని జ్వరములు దీనికి లొంగినవి. టెట్రాసైక్లిన్ అను ఔషధ కుటుంబమునకు ఇదియే మొదటిది.

ఈ వార్త ప్రకటింపబడి నెల తిరుగకముందే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే హృద్రోగముచే మరణించెను. అప్పుడాయన వయస్సు 53 సంవత్సరములు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఏడాది కావచ్చుచుండెను. ఇరువదియైదేండ్లు అమెరికాలో నివసించియు ఆయన ఆ దేశపు పౌరుడు కాలేదు. భారతీయులు పౌరసత్వము పొందవచ్చునని 1946లో చట్టము వచ్చినను ఆయన దానిని పొందలేదు. అట్లని స్వదేశమునకును తిరిగిరాలేదు. ఒక పని ముగిసినంతనే మరియొక వ్యాధి ఎదుట నిలిచెను. భార్యకిచ్చిన మాట చెల్లలేదు. లోకమునకు మేలుచేసిన ఆ జీవితమునకు మూల్యమును చెల్లించినవారిలో, ఆంధ్రదేశమున ఒంటరిగా ఎదురుచూచిన శేషగిరమ్మ కూడ ఒకతె.

సుబ్బారావు కీర్తిని కోరినవాడు కాడు. విజయవార్తలు ప్రకటింపబడునపుడు సహచరులను ముందుంచి తాను వెనుక నిలుచుట ఆయన స్వభావము. నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. 1953లో ఒక శాస్త్రజ్ఞుడు తాను కనుగొనిన బూజుజాతికి ఆయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసెను. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను.

బిరుదులకంటె ఆయన మందులే ఆయనకు తగిన స్మారకములు. ఫోలిక్ ఆమ్లపు మాత్రలను నేడు మన గ్రామములలో గర్భిణీ స్త్రీలకు ఇనుముతో కలిపి ఇచ్చుచున్నారు. బోదకాలు నివారణకై 1955లో దేశమున ఆరంభమైన ప్రణాళికలో హెట్రజాన్ మందును వాడిరి. 2004 మొదలుకొని ఆ వ్యాధిగల జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఏటేట ఇంటింటికి పోయి ఆ మాత్రలను తమ యెదుటనే మ్రింగించిరి. చైనాదేశము దీనిని ఉప్పులో కలిపి కూడ ప్రజలకిచ్చి, 2007 నాటికి బోదకాలును నిర్మూలించెను.

మరియొక విశేషము గలదు. పురుషోత్తమును, కృష్ణమూర్తిని బలిగొనిన సంగ్రహణికి నేటి వైద్యులు రెండు మందులను కలిపి ఇత్తురు. ఒకటి ఫోలిక్ ఆమ్లము. రెండవది టెట్రాసైక్లిన్ కుటుంబములోని ఔషధము. ఒకదానిని తయారుచేసినదియు, రెండవదానికి మార్గము చూపినదియు సుబ్బారావు పరిశోధనశాలయే. తోబుట్టువుల మంచముకడ నిలిచి ఏమియు చేయలేకపోయిన యువకుడు, సముద్రముల కావల, వారి చికిత్సను ఆమూలాగ్రముగా సిద్ధముచేసి వెళ్ళెను. ఆ మాత్రలపై ఆయన పేరు లేదు. అవి నేడు కొల్లేటి తీరమున ఏ మందుల దుకాణమునందైనను కొలది రూపాయలకు లభించుచున్నవి.